హిందుస్తాన్‌లో బాబర్‌ను వేధించిన మూడు: ఎండ, గాలి, దుమ్ము

మే నెలలో ఏదో ఒక సాయంత్రం దిల్లీకి పడమటి దిక్కున ఆకాశం పసుపు రంగుకు తిరుగుతుంది. కాసేపటికి అది మట్టిరంగు గోడగా మారి నగరం మీదికి కదిలి వస్తుంది. అంతవరకూ కదలని చెట్లు ఒక్కసారిగా వంగిపోతాయి. కిటికీలు మూసేలోగానే దుమ్ము ఇంట్లోకి వచ్చేస్తుంది. గురుగ్రామ్ రహదారిపై వాహనాలు సాయంత్రం నాలుగు గంటలకే దీపాలు వేసుకుంటాయి.

దీనిని ఇక్కడి వారు 'ఆంధీ' అంటారు. దిల్లీకి కొత్తగా వచ్చిన తెలుగువారు ఈ మాట విని మొదట కాస్త తికమకపడటం మామూలే. ఆంధ్రదేశానికీ దీనికీ సంబంధం లేదు. కళ్లు కనిపించకుండా చేసేది అనే అర్థంలో, మనం వాడే 'అంధకారం' అనే మాటకు దగ్గరి చుట్టం ఇది.

దాదాపు 500 ఏళ్ల క్రితం ఇదే మాటను స్థానికుల నోట విని, దాని అర్థం తెలుసుకుని, తన ఆత్మకథలో రాసుకున్న విదేశీయుడు ఒకరున్నారు. ఆయన పేరు జహీరుద్దీన్ ముహమ్మద్ బాబర్. పానీపత్ యుద్ధంలో ఆయన ఎలా గెలిచారో పాఠ్యపుస్తకాలు చెబుతాయి. గెలిచిన మరుసటి నెలలోనే ఈ మైదానాల ఎండ, గాలి ఆయన సైన్యాన్ని దాదాపు వెనక్కి పంపించేశాయన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

దర్వేషుల ఎడారి

గాలి బాబర్‌కు కొత్త కాదు. 1483 ఫిబ్రవరి 14న ఫర్గానా లోయలోని అందిజాన్‌లో ఆయన జన్మించారు. ఇది నేటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. ఆ లోయకు పడమటి వైపున, ఖుజంద్‌కు వెళ్లే దారిలో ఒక బీడు భూమి ఉండేది. అక్కడ గాలి ఎప్పుడూ ఉద్ధృతంగా వీస్తూనే ఉండేదట. ఒకప్పుడు కొందరు దర్వేషులు ఆ గాలిలో చిక్కుకుని, ఒకరికొకరు కనబడక, ఒకరినొకరు పిలుచుకుంటూనే ప్రాణాలు విడిచారని జనం చెప్పుకునేవారు. ఆ పిలుపే ఆ ఎడారికి పేరయింది. బాబర్ తన పుస్తకం మొదటి పుటల్లోనే ఈ కథను నమోదు చేశారు.

1494లో తండ్రి ఉమర్ షేక్ మీర్జా ఒక లోయ అంచున కట్టించిన పావురాల గూడుతో పాటే కిందికి కూలి మరణించారు. అప్పటికి బాబర్‌కు పదకొండేళ్లు. ఆ తర్వాతి పదేళ్లూ సమర్‌ఖండ్‌ను గెలవడం, పోగొట్టుకోవడం, మళ్లీ గెలవడం, మళ్లీ పోగొట్టుకోవడంలో గడిచిపోయాయి. ఉజ్బెక్ నాయకుడు షైబానీ ఖాన్ ధాటికి నిలువలేక సొంతగడ్డను వదిలి, 1504లో ఆయన కాబూల్ చేరుకున్నారు.

1506-07 చలికాలంలో హెరాత్ నుంచి కాబూల్‌కు కొండదారిన తిరిగి వస్తుండగా మంచు తుఫాను చుట్టుముట్టింది. ఒక గుహ కనిపించింది. అందరికీ అందులో చోటు దొరకదని భావించిన బాబర్, తన మనుషులు మంచులో ఉండగా తాను లోపల వెచ్చగా ఉండటం తగదని బయటే కూర్చుండిపోయారు. ఆయన తల మీద, వీపు మీద, చెవుల మీద నాలుగు అంగుళాల మేర మంచు పేరుకుంది. ఆ రాత్రి చలికి చెవి నొప్పి పట్టుకుందని ఆయన చెప్పుకున్నారు. గుహ పెద్దదేనని, అందరూ పడతారని తర్వాత తెలిసింది.

అలాంటి వ్యక్తిని కూడా యమునా తీరపు వేసవి హడలెత్తించింది.

పానీపత్ నుంచి ఆగ్రాకు

1525 నవంబరులో కాబూల్ నుంచి బయలుదేరిన బాబర్ వెంట, సింధు నది దాటే నాటి లెక్క ప్రకారం, సేవకులతో సహా 12,000 మంది ఉన్నారు. 1526 ఏప్రిల్ మూడో వారంలో, నేటి జాతీయ రాజధాని ప్రాంతం పరిధిలోకి వచ్చే పానీపత్ దగ్గర ఇబ్రహీం లోదీ సేనతో ఆయన తలపడ్డారు. బండ్లను తోలుతాళ్లతో ఒకదానికొకటి కట్టి, వాటి వెనుక తుపాకీదళాన్ని నిలిపిన వ్యూహం ఫలించింది. మధ్యాహ్నానికల్లా అంతా ముగిసింది. లోదీ యుద్ధభూమిలోనే మరణించాడు.

అక్కడి నుంచి బాబర్ దిల్లీ వచ్చారు. పెద్ద కుమారుడు హుమాయూన్‌ను ఆగ్రా ఖజానా కాపాడేందుకు ముందుగానే పంపి, తాను మాత్రం యాత్రికుడిలా నగరం చుట్టివచ్చారు. నిజాముద్దీన్ ఔలియా సమాధికి ప్రదక్షిణ చేశారు. మెహ్రౌలీలో ఖ్వాజా కుతుబుద్దీన్ దర్గా, కుతుబ్ మినార్, శంసీ తటాకం, హౌజ్ ఖాస్, లోదీ సుల్తానుల సమాధులు, తోటలు చూశారు. నేటి పర్యాటకుడు రెండు రోజుల్లో చూసే దిల్లీ దాదాపు ఇదే. శుక్రవారం నాడు దిల్లీ మసీదులో ఆయన పేరిట ఖుత్బా చదివారు. మే మొదటి వారంలో ఆగ్రా పొలిమేరకు చేరుకున్నారు.

కష్టాలు అక్కడ మొదలయ్యాయి. కొత్త సైన్యాన్ని చూసి చుట్టుపక్కల జనం ఊళ్లు వదిలి పారిపోయారు. మనుషులకు ధాన్యం లేదు, గుర్రాలకు మేత లేదు. దారులు సురక్షితంగా లేవు. పైగా ఆ ఏడాది ఎండ అసాధారణంగా ఉంది. వడగాడ్పు తగిలి సైనికులు ఉన్నచోటే కూలిపోవడం మొదలుపెట్టారు. ఎడారిలో వీచే విషపుగాలి పేరుతోనే బాబర్ ఆ గాలిని ప్రస్తావించారు.

పారిపోయిన ఆ గ్రామాల సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. హిందుస్తాన్‌లో పల్లెలు రాత్రికి రాత్రే ఖాళీ అవుతాయని, అంతే త్వరగా మరోచోట వెలుస్తాయని బాబర్ ఆశ్చర్యపోయారు. ఒక బావి లేదా చెరువు తవ్వుకుంటే చాలు, గడ్డికీ కలపకూ కొదవ లేదు కాబట్టి గుడిసెలు ఇట్టే లేస్తాయని గమనించారు. ఆయనకు అది వింతగా తోచింది. గాలికి ఎగిరిపోయినా మళ్లీ కప్పుకోగల గడ్డి కప్పు, సైన్యం వస్తే వదిలి వెళ్లగల మట్టిగోడ ఉన్న ఇల్లు ఈ మైదానాల రైతుకు ఎందుకు అవసరమైందో మాత్రం ఆయన విచారించలేదు. ఆ గడ్డి సంప్రదాయం నుంచే వట్టివేరు తడికలు ఆయన మనుమడు అక్బర్ కాలానికి రాజభవనాల్లోకి చేరాయి.

తిరిగి వెళ్దామన్న సేనానులు

ఎండ, దుమ్ము, ఆకలి కలిసి బాబర్ సేనానుల పట్టుదలను కరిగించాయి. గెలిచిన సొమ్ము తీసుకుని కాబూల్ చల్లదనానికి వెళ్లిపోదామని చాలామంది కోరుకున్నారు. తైమూర్ చేసింది కూడా అదే. 1398లో దిల్లీని కొల్లగొట్టి, ఎండలు ముదిరేలోగా తిరిగి వెళ్లిపోయాడు.

బాబర్ కొలువు తీర్చి వారిని సమావేశపరిచారు. ఏళ్ల తరబడి శ్రమించి, ఇంతదూరం నడిచి, ఎందరినో పోగొట్టుకుని సంపాదించిన దేశాన్ని ఏ కారణంతో వదిలేయాలని ప్రశ్నించారు. కాబూల్ పేదరికంలోకి మళ్లీ వెళ్లి పడాలా అని అడిగారు. వెళ్లదలచినవారు వెళ్లవచ్చని కూడా స్పష్టం చేశారు. ఎక్కువమంది మనసు మార్చుకున్నారు.

మారనివారిలో ముఖ్యుడు ఖ్వాజా కలాన్. బాబర్‌కు అత్యంత ఆత్మీయుడైన ఈయనకు ఇక్కడి వాతావరణం ఏమాత్రం గిట్టలేదు. బాబర్ ఆయనకు ఘజనీ ప్రాంతాన్ని అప్పగించి, కాబూల్‌కు కానుకలు ఇచ్చి పంపారు. వెళుతూ వెళుతూ ఖ్వాజా కలాన్ దిల్లీలో తాను ఉన్న ఇంటి గోడ మీద ఈ దేశాన్ని వదిలి వెళ్లే సంతోషాన్ని పద్యంగా రాసిపెట్టారు. బాబర్‌కు కోపం వచ్చింది. తాను ఇక్కడే ఉండగా అలాంటి వెటకారమేమిటని నొచ్చుకుని, ఘజనీ చలిని గుర్తు చేస్తూ బదులు పద్యం పంపారు. ఒక సామ్రాజ్య స్థాపకుడు, ఆయన సేనాని వాతావరణం గురించి ఇలా పద్యాలతో దెప్పుకున్న ఘట్టం చరిత్రలో అరుదు.

ఈ విషయంలో బాబర్ అతిశయోక్తికి పోలేదన్నది గమనించాలి. హిందుస్తాన్ ఎండ బల్ఖ్, కాందహార్ ఎండలంత భరించరానిది కాదని, అక్కడున్నంత కాలం కూడా ఉండదని ఆయన ఒప్పుకున్నారు. వానాకాలపు గాలి హాయిగా ఉంటుందని మెచ్చుకున్నారు. ఆ తేమకు విల్లులు సడలిపోవడం, పుస్తకాలు, బట్టలు, కవచాలు పాడవడం మాత్రం నచ్చలేదు. వానలకు ముందు వీచే ఉత్తరపు గాలి మీదే ఆయన ఫిర్యాదంతా. వృషభ, మిథున మాసాల్లో అది దుమ్మును మోసుకొస్తుందని, వర్షాలు దగ్గరపడేకొద్దీ పక్కనున్న మనిషి కూడా కనిపించనంత తీవ్రమవుతుందని, దాన్నే ఇక్కడివారు ఆంధీ అంటారని వివరించారు.

ఆ పరిశీలన నేటి వాతావరణ శాస్త్రానికి కూడా సరిపోతుంది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు థార్ ఎడారి, దానికి తూర్పునున్న మైదానం విపరీతంగా కాగుతాయి. వాయవ్యం నుంచి వీచే బలమైన గాలి ఎండిన నేల మీది దుమ్మును రోజుల తరబడి లేపుతూ ఉంటుంది. ఇది ఒక రకం. రెండో రకం ఉరుముల మేఘాల నుంచి వస్తుంది. మేఘం కురిసిన వాన కింది పొడిగాలిలోనే ఆవిరైపోతుంది. దానితో చల్లబడి బరువెక్కిన గాలి నేల మీదికి జారి, నలుదిక్కులకూ ఎగదన్నుకుంటూ పోతుంది. దాని అంచున లేచే దుమ్మే దూరానికి గోడలా కనిపిస్తుంది. అది దాటిపోయాక ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతుంది. వానలు దగ్గరపడేకొద్దీ ఇలాంటి మేఘాలు పెరుగుతాయి కాబట్టి బాబర్ గమనించిన క్రమం సరైనదే.

2018 మే 2వ తేదీ రాత్రి రాజస్థాన్, ఉత్తర్‌ప్రదేశ్‌లలో వచ్చిన ఇలాంటి తుఫానులో వంద మందికి పైగా మరణించారు. చాలామంది నిద్రలో ఉండగా గోడలు, కప్పులు కూలి చనిపోయారు. బాబర్ తొలి వేసవి గడిపిన ఆగ్రా జిల్లాలోనే ఎక్కువ ప్రాణనష్టం జరిగింది.

నీటితో, రాతితో సమాధానం

ఆగ్రాకు వచ్చిన కొద్ది రోజులకే బాబర్ తోటకు తగిన స్థలం కోసం యమున దాటి అవతలి గట్టుకు వెళ్లారు. ఆ నేలను చూసి ఆయనకు రోత పుట్టింది. ఎత్తుపల్లాలు లేవు, పారే నీరు లేదు. చార్‌బాగ్ ఆలోచననే విరమించుకుందామనుకున్నారు. ఆగ్రా దగ్గర అంతకంటే మంచి చోటు లేకపోవడంతో చివరికి అక్కడే పని మొదలుపెట్టించారు.

ముందు తవ్వించింది పెద్ద బావి. స్నానశాలకు నీరు దాని నుంచే రావాలి. ఆ తర్వాత చింతచెట్లున్న చోట ఎనిమిది కోణాల కొలను, ఆపై పెద్ద కొలను, ఆవరణ, మందిరం, గులాబీలు, నార్సిసస్ పూల మడులు వరుసగా వచ్చాయి.

వీటిలో ఆయనకు ఎక్కువ తృప్తినిచ్చింది స్నానశాల. హిందుస్తాన్‌లో తమను బాధించినవి ఎండ, పెనుగాలి, దుమ్ము అనే మూడేనని, స్నానశాల ఈ మూడింటికీ విరుగుడని ఆయన నిర్ధారణకు వచ్చారు. గోడల కింది భాగం తెల్లరాయి, నేల, పైకప్పు బయానా ఎర్రరాయి. దట్టమైన ఆ గోడల లోపలికి గాలి గానీ దుమ్ము గానీ చేరేది కాదు. మండుటెండల్లో కూడా లోపల వణుకు పుట్టేంత చల్లగా ఉండేదని ఆయన మురిసిపోయారు.

ఈ నిర్మాణాలు ఆయన ఒక్కరి చేతి పని కాదు. ఒక్క ఆగ్రాలోనే రోజూ 680 మంది రాతి పనివారు తన కట్టడాల్లో పనిచేసేవారని, ఆగ్రా, సిక్రీ, బయానా, ధోల్‌పుర్, గ్వాలియర్, కోయిల్ అన్నీ కలిపితే 1,491 మంది అని ఆయనే లెక్క రాశారు. హిందుస్తాన్‌లో నచ్చిన విషయాల్లో పనివారి సమృద్ధి ఒకటని చెప్పుకున్నారు. ఆ 1,491 మందిలో దాదాపు అందరూ ఆ పుస్తకంలో పేరు లేనివారే. ఎండలో రాయి కొట్టినవారికి ఆ చల్లని గదిలో చోటు ఉండేది కాదని వేరే చెప్పనక్కరలేదు.

రాజును చూసి ఆయన ఆంతరంగికులు కూడా అటువైపే తోటలు, కొలనులు వేశారు. ఇలాంటి కొలతలతో తీర్చిన తోటలు అంతకుముందు చూసి ఉండని ఆగ్రా జనం యమున అవతలి గట్టును 'కాబూల్' అని పిలవసాగారు.

ధోల్‌పుర్ దగ్గర ఒకే రాతి గుట్టను చెక్కించి, తామర ఆకారపు కొలనులతో ఆయన మరో తోట వేయించారు. ఆ ఆనవాళ్లను 1978లో అమెరికా పరిశోధకురాలు ఎలిజబెత్ మోయ్‌నిహన్ జోర్ గ్రామంలో గుర్తించారు.

యుద్ధాలు ఆగలేదు. 1527 మార్చిలో ఖాన్వా దగ్గర రాణా సాంగాను ఓడించారు. అక్కడ శత్రువుల తలలతో గోపురం కట్టించిన సంగతిని కూడా పూలమడుల గురించి రాసినంత మామూలుగానే రాసుకున్నారు. తోటలను చూసి ఆయనను సున్నిత మనస్కుడిగా చిత్రించేవారు ఆ పుటను కూడా చదవాలి.

కాబూల్ మీద బెంగ మాత్రం తీరలేదు. ఖర్బూజా పండు కోసి తింటూ కన్నీళ్లు పెట్టుకున్నానని 1529లో ఖ్వాజా కలాన్‌కే లేఖ రాశారు. వెళ్లిపోయిన మిత్రుడి మీద కోపం అప్పటికి చల్లారినట్లుంది.

గుడారం కూలిన రాత్రి

అదే ఏడాది మే నెలలో తూర్పు దండయాత్ర మీద ఘాఘరా నదీతీరంలో ఉండగా గాలి ఆయన మీద చివరి దెబ్బ తీసింది. రంజాన్ మాసం. రాత్రి తరావీహ్ నమాజు ముగిసింది. బాబర్ తన గుడారంలో కాగితాలు పరచుకుని ఆత్మకథ రాయబోతున్నారు. వానాకాలపు మబ్బులు కమ్ముకుని హఠాత్తుగా పెనుగాలి విరుచుకుపడింది. శిబిరంలో గుడారాలు చాలావరకు నేలకూలాయి. కాగితాలు పోగుచేసుకునే వ్యవధి కూడా లేకుండా ఆయన గుడారం, ముందరి పందిరితో సహా, ఆయన తల మీదే పడింది.

ఆయనకు దెబ్బ తగల్లేదు. రాసిన పుటలన్నీ నీళ్లలో తడిసి ముద్దయ్యాయి. చీకట్లో తడుముకుంటూ వాటిని ఏరి, సింహాసనం మీద పరిచే ఉన్ని తివాచీలో చుట్టి, సింహాసనం మీద పెట్టి, పైన కంబళ్లు కప్పారు. కాసేపటికి గాలి తగ్గింది. చిన్న గుడారం నిలబెట్టి, దీపం వెలిగించి, ఎంతో కష్టం మీద నిప్పు రాజేశారు. తెల్లవారేదాకా నిద్ర లేకుండా ఒక్కొక్క పుటనూ ఆరబెడుతూ కూర్చున్నారు.

సుమారు మూడు నెలల తర్వాత, 1529 సెప్టెంబరులో ఆ ఆత్మకథ అర్ధంతరంగా ఆగిపోతుంది. 1530 డిసెంబరు 26న ఆగ్రాలో, 47 ఏళ్ల వయసులో బాబర్ మరణించారు. మొదట యమునా తీరంలోని తోటలోనే ఖననం చేశారు. కొన్నేళ్ల తర్వాత అవశేషాలను కాబూల్‌కు తరలించి, ఆయన ఇష్టపడిన కొండవాలు తోటలో సమాధి చేశారు.

పుస్తకం మాత్రం హిందుస్తాన్‌లోనే ఎక్కువగా తిరిగింది. చగతాయ్ తుర్కీలో ఉన్న దాన్ని అక్బర్ ఆదేశంపై అబ్దుర్ రహీం ఖాన్-ఇ-ఖానా పర్షియన్‌లోకి అనువదించి 1589లో సమర్పించారు. దిల్లీలో నిజాముద్దీన్ పక్కనే ఆయన సమాధి ఉంది. అక్బర్ కాలంలో చిత్రాలతో తయారైన ఒక ప్రతి దిల్లీ జాతీయ మ్యూజియంలో ఉంది.

బాబర్ స్వయంగా రాసిన ప్రతి ఏమైందో తెలియదు. మధ్యలో కొన్నేళ్ల వృత్తాంతం లేకపోవడానికి అలాంటి గాలివానలే కారణం కావచ్చని కొందరు పరిశోధకులు ఊహించారు. మూల తుర్కీ పాఠానికి అత్యంత సమగ్రమైన ప్రతి హైదరాబాద్‌లో, సాలార్ జంగ్ గ్రంథాలయంలో బయటపడింది. 1700 ప్రాంతంలో నకలు చేసినదిగా భావిస్తున్న ఆ ప్రతిని, వయసు మళ్లాక తుర్కీ నేర్చుకున్న బ్రిటిష్ పండితురాలు ఆనెట్ బెవరిడ్జ్ 1905లో యథాతథంగా అచ్చు వేయించారు. ఆమె ఆంగ్లానువాదం 1920ల తొలినాళ్లలో పూర్తయింది. గుడారం కూలిన ఆ రాత్రి వృత్తాంతం అందులో చివరి పుటలకు కాస్త ముందు వస్తుంది.